రోగనిరోధక సహనంపై పరిశోధనకు ఓరుగల్లు నుంచి నిధి: ఎలా సేకరిద్దాం, ఎవరికి అప్పగిద్దాం?

హన్మకొండ లెక్చరర్:

వేదికలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం. వరంగల్, హన్మకొండ, కాజీపేటలలో మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) ఉన్నవారి కుటుంబాలు కొన్నేళ్లుగా ఒకరికొకరు తోడుగా ఉంటూ, మందు ఎక్కడ దొరుకుతుందో, ఏ డాక్టరు ఓపికగా వింటారో చెప్పుకుంటూ వస్తున్నాయి. మా చెల్లెలికి ఈ వ్యాధి ఉంది కనుక ఆ కుటుంబాలలో మాదీ ఒకటి. ఇంతవరకు మనం చేసిందంతా ఈ నెల గడవడానికి చేసిన సాయమే. అది తప్పక కొనసాగాలి. దానితోపాటు వ్యాధి మూలాన్ని వెతికే పరిశోధనకు కూడా మన ప్రాంతం నుంచి కొంత నిధి పోగుచేసి ఇవ్వాలన్నది నా ప్రతిపాదన.

2025 అక్టోబరులో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగుచి అనే ముగ్గురికి ప్రకటించినప్పుడు ఆ వార్తను నేను చాలాసార్లు చదివాను. మన రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరంపైనే దాడికి దిగకుండా అదుపుచేసే నియంత్రక టీ కణాలను (ఒక రకం తెల్ల రక్తకణాలను) గుర్తించినందుకు, అవి ఎలా పనిచేస్తాయో తేల్చినందుకు వారికి ఆ గౌరవం దక్కింది. ఎంఎస్‌లో తప్పిపోతున్నది సరిగ్గా ఈ అదుపే. నరాల చుట్టూ ఉండే మైలిన్ పొరను కాపాడవలసిన వ్యవస్థే దాన్ని కొరికేస్తోంది. సొంత శరీరంపై దాడి చేయకుండా ఉండే గుణాన్నే రోగనిరోధక సహనం అంటారు. ఆ సహనాన్ని తిరిగి నేర్పగలమా అన్నది ఇప్పుడు ప్రపంచమంతటా ప్రయోగశాలల ముందున్న ప్రశ్న.

మామూలు మనుషులు పోగుచేసే డబ్బుతో ఏమవుతుందని అడిగేవారు ఉంటారు. 1945లో న్యూయార్క్‌లో సిల్వియా లారీ అనే యువతి, ఎంఎస్ వచ్చిన తన సోదరుడి కోసం, ఈ జబ్బు నుంచి కోలుకున్నవారు ఎవరైనా ఉంటే తెలియజేయమని పత్రికలో చిన్న ప్రకటన ఇచ్చారు. కోలుకున్నవారి జాడ దొరకలేదు గాని, అదే బాధలో ఉన్న కుటుంబాలు జవాబు రాశాయి. 1946లో ఆ కుటుంబాలతో మొదలైన సంఘమే నేటి అమెరికా జాతీయ ఎంఎస్ సొసైటీ. అది అప్పటి నుంచి పరిశోధనకు నిధులు ఇస్తూనే ఉంది.

మే 30 ప్రపంచ ఎంఎస్ దినం. ఆ రోజు ఉదయం వేయి స్తంభాల గుడి దగ్గర మొదలుపెట్టి భద్రకాళి చెరువు కట్ట వరకు నడక పెట్టి, అక్కడే విరాళాలు స్వీకరిద్దామని నా ఆలోచన. మీ అభిప్రాయాలు నిర్మొహమాటంగా రాయండి.

గోదావరిఖని కార్మికుడు:

లెక్చరర్ సార్‌కు నమస్కారం. మీ మాటలో చిత్తశుద్ధి కనిపిస్తోంది. అయినా నాకు ఒప్పుదల లేదు, ఎందుకో చెబుతాను. మా కాలనీలో ఒక అబ్బాయికి ఈ జబ్బు వచ్చి రెండు కాళ్లూ పట్టు తప్పాయి. ఫిజియోథెరపీకి ఆటోలో తీసుకెళ్లడానికి వాళ్ల అమ్మ దగ్గర డబ్బులుండవు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు స్పష్టంగా ఉంది. అయినా వైకల్య శాతం తేల్చే సదరం శిబిరానికి వెళ్తే ఆ పేరును మనమే విడమరచి చెప్పవలసి వస్తోంది. ఒక రోజు బాగా నడిచి, మరుసటి రోజు మంచం దిగలేని మనిషికి శాతం ఎంత వేయాలో అక్కడివారికి తోచదు. నలభై శాతం దాటకపోతే పింఛను లేదు.

ఇలాంటివారు మన మధ్యనే ఉండగా, ఎప్పుడో వచ్చే మందు కోసం ఎక్కడో ఉన్న ప్రయోగశాలకు డబ్బు పంపడం న్యాయమా? పరిశోధనకు ప్రభుత్వాలు ఉన్నాయి, కంపెనీలు ఉన్నాయి. ఈ అబ్బాయికి ఎవరున్నారు?

వరంగల్ పీజీ డాక్టర్:

ఇద్దరి మాటల్లోనూ బలం ఉంది. తీర్పు చెప్పడం నా పని కాదు. నేను న్యూరాలజీ వైపు చదువుతున్నాను. విరాళం అడిగే ముందు మనం దేనికోసం అడుగుతున్నామో సరిగా తెలుసుకోవాలి కాబట్టి కొంత వివరంగా రాస్తాను.

ఎంఎస్‌ను ఒక ప్రత్యేక వ్యాధిగా 1868లో పారిస్ వైద్యుడు షార్కో వర్ణించారు. అయినా దాని గమనాన్ని మార్చే తొలి మందుకు, అంటే ఇంటర్‌ఫెరాన్ బీటాకు, అమెరికాలో అనుమతి దొరికింది 1993లోనే. ఆ తర్వాత మందులు వరుసగా వచ్చాయి. మన దగ్గర చాలామందికి అందుతున్నది రిటుక్సిమాబ్. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2007లో దాని సారూప్య ఔషధాన్ని విడుదల చేయడం మన రోగులకు ఎంతో మేలుచేసింది. ఎంఎస్‌కు ఆ మందు లేబుల్‌పై అనుమతి లేకపోయినా, వైద్యులు తమ అనుభవాన్ని, అధ్యయనాలను బట్టి వాడుతున్నారు.

ఈ మందుల్లో బలమైనవి చాలావరకు చేసే పని ఒక్కటే: రోగనిరోధక వ్యవస్థలో ఒక పెద్ద భాగాన్ని అణచివేయడం. రిటుక్సిమాబ్ ఇచ్చినప్పుడు తప్పుచేసే బీ కణాలతో (ఇవీ ఒక రకం తెల్ల రక్తకణాలే) పాటు ఏ తప్పూ చేయనివీ పోతాయి. అందుకే మొదలుపెట్టే ముందు క్షయ, హెపటైటిస్ బీ ఉన్నాయేమో పరీక్షిస్తాం. మొదలుపెట్టిన తర్వాత ప్రతి జ్వరానికీ కంగారుపడతాం. క్షయ ఇంకా ఇంత విస్తారంగా ఉన్న మన ప్రాంతంలో ఈ భయం పుస్తకాల్లో రాసినదానికన్నా పెద్దది.

రోగనిరోధక సహనం అనే దారి వేరు. మైలిన్‌ను శత్రువుగా పొరబడిన కణాలను మాత్రమే శాంతింపజేసి, మిగతా రక్షణను యథాతథంగా ఉంచాలన్నది దాని లక్ష్యం. సకగుచి 1995లో, ఒక ప్రత్యేక రకం టీ కణాలు లేకపోతే ఎలుకల్లో శరీరం తనపై తానే తిరగబడుతుందని చూపించారు. బ్రంకో, రామ్స్‌డెల్‌ల బృందం 2001లో ఫాక్స్‌పీ3 అనే జన్యువులో లోపమే అటువంటి జబ్బుకు కారణమని కనుక్కుంది. ఆ కణాలు తయారుకావడానికి ఆ జన్యువే కీలకమని 2003 నాటికి తేలింది.

ఇక ఎంఎస్‌కు దీన్ని అన్వయించే ప్రయత్నాల గురించి నిజం మొత్తం చెప్పాలి. మైలిన్ ప్రోటీన్ ముక్కను కొద్దిగా మార్చి రోగులకు ఇచ్చి చూసిన ఒక ప్రయోగంలో కొందరికి వ్యాధి తగ్గకపోగా పెరిగింది. 2000లో వెలువడిన ఆ ఫలితాలను ఈ రంగంలోని వారు ఇప్పటికీ గుర్తుపెట్టుకుంటారు. 2013లో ప్రచురితమైన జర్మనీ ప్రయోగంలో 9 మంది రోగుల రక్తకణాలకే ఏడు మైలిన్ ముక్కలను అతికించి తిరిగి వారికే ఎక్కించారు. అది సురక్షితంగా ముగిసింది. ఎక్కువ మోతాదు తీసుకున్నవారిలో మైలిన్‌పై టీ కణాల స్పందన తగ్గిన సూచనలు కనిపించాయి. అయితే 9 మందితో మందు పనిచేస్తుందని ఎవరూ తేల్చలేరు. 2021లో బయోన్‌టెక్ బృందం ఎంఆర్‌ఎన్‌ఏ పద్ధతితో, 2023లో షికాగో విశ్వవిద్యాలయ బృందం కాలేయం ద్వారా సహనం నేర్పే పద్ధతితో ఎలుకల్లో ఎంఎస్ వంటి వ్యాధిని అదుపుచేశాయి. ఎలుకల్లో గెలిచి మనుషుల్లో ఓడిన చికిత్సలు ఈ రంగంలో చాలా ఉన్నాయి.

అసలు చిక్కు ఇంకొకటి ఉంది. ఎంఎస్‌లో దాడికి మొదటి గురి ఏ ప్రోటీనో ఇప్పటికీ నిర్ధారణ కాలేదు. పైగా వ్యాధి ముదిరేకొద్దీ ఆ గురి ఒక ముక్క నుంచి మరో ముక్కకు వ్యాపిస్తుంది. దేని పట్ల సహనం నేర్పాలో తెలియకుండా నేర్పడం ఎంత కష్టమో ఊహించండి. కాబట్టి మన కరపత్రంలో «త్వరలో నయమయ్యే మందు» అన్న మాట ఎక్కడా ఉండకూడదు.

జమ్మికుంట టీచర్:

నాకు పన్నెండేళ్లుగా ఎంఎస్ ఉంది, ఇప్పటికీ బడికి వెళ్తున్నాను. లెక్చరర్ అన్నయ్య గారు ఏమీ అనుకోకపోతే మే 30 నడక గురించి ముందుగా ఒక మాట చెప్పాలి.

మే నెలాఖరున మన దగ్గర ఎండ ఎలా ఉంటుందో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఒంటి వేడి కాస్త పెరిగితే చాలు, మాకు చూపు మసకబారుతుంది, కాళ్లు తేలిపోతాయి, మాట కూడా తడబడుతుంది. జర్మన్ కంటి వైద్యుడు ఊటాఫ్ 1890లోనే దీన్ని గమనించి రాశారని మా డాక్టరు గారు చెప్పారు. మైలిన్ దెబ్బతిన్న నరంలో వేడికి సంకేతం సరిగా పారదట. చల్లబడితే చాలావరకు సర్దుకుంటుంది, కొత్తగా వ్యాధి తిరగబెట్టినట్టు కాదు. అయినా ఆ కాసేపట్లో రోడ్డుపై పడిపోతే ఎముక విరుగుతుంది. మా కోసం పెట్టే నడకకు మేమే రాలేకపోతే దాన్ని ఎవరి కోసం పెట్టినట్టు?

ప్రపంచమంతా ఆ రోజే జరుపుకుంటుందని మనమూ ఆ రోజే ఎండలో తిరగాలని లేదు. మే 30న నీడపట్టున, ఫ్యాన్లు, కూలర్లు ఉన్న హాలులో ఒక సమావేశం పెట్టండి. నడకను డిసెంబరుకు, చలి మొదలయ్యాక, వడ్డేపల్లి చెరువు కట్టపైన పెడదాం. నడవలేనివారికి చక్రాల కుర్చీలు, మధ్యమధ్యలో కూర్చునే చోట్లు, అందుబాటులో మరుగుదొడ్డి ఉండాలి. మరుగుదొడ్డి సంగతి చాలామంది మొహమాటానికి అడగరు గాని, మూత్రాన్ని ఆపుకోలేకపోవడం ఈ వ్యాధిలో మామూలు విషయం. అందుకు భయపడే ఇల్లు కదలని ఆడవాళ్లు నాకు తెలుసు.

ఇంకొక విన్నపం. పోస్టర్‌పై ఏడుస్తున్న మొహాలు, మంచానికి అతుక్కుపోయిన శరీరాలు వేయకండి. ఈ వ్యాధి ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య, మగవారికన్నా ఆడవారికి ఎక్కువగా వస్తుంది. పెళ్లి కావలసిన అమ్మాయి ఫొటో ఊరంతా అంటిస్తే ఆమె బతుకు ఏమవుతుందో ఆలోచించండి. ఎవరి పేరైనా, బొమ్మైనా వారి రాతపూర్వక సమ్మతితోనే వాడాలి. ఆ సమ్మతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకునే హక్కు వారికి ఉండాలి.

గోదావరిఖని అన్న అడిగినదానికి నా జవాబు ఇది. నాకు ఈ రోజు ఆటో కిరాయి కావాలి. పదిహేనేళ్ల తర్వాత ఇరవై ఏళ్ల ఇంకో అమ్మాయి నాలాగా ప్రతి ఆరు నెలలకు సెలైన్ ఎక్కించుకోకుండా ఉండాలని కూడా నాకు ఉంది. రెండింటిలో ఒకటి ఎంచుకోమని రోగిని అడగడం నాకు సబబుగా తోచడం లేదు.

కరీంనగర్ ఆడిటర్:

డబ్బు విషయం నాకు తెలిసింది రాస్తాను. ముందుగా ఒక హెచ్చరిక. ఎవరో ఒకరి ఫోన్‌పే క్యూఆర్ కోడ్ పోస్టర్‌పై వేసి విరాళాలు తీసుకోవద్దు. ఆ మనిషి ఎంత మంచివారైనా సరే, సొంత ఖాతాలో పడిన డబ్బు ఆయన ఆదాయం కాదని తర్వాత రుజువు చేయడం కష్టం. లోకం నోరు మూయించడం అంతకన్నా కష్టం.

సరైన మార్గాలు రెండు ఉన్నాయి. ఒకటి, తెలంగాణ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద మనమే సంఘాన్ని నమోదు చేసుకుని, పాన్ తీసుకుని, ఇద్దరి సంతకాలుంటే తప్ప డబ్బు కదలని బ్యాంకు ఖాతా తెరిచి, ఆ తర్వాత ఆదాయపు పన్ను శాఖ వద్ద ధార్మిక సంస్థగా నమోదుకు, మనమంతా 80జీ అని పిలిచే మినహాయింపు అర్హతకు దరఖాస్తు చేసుకోవడం. రెండోది, ఈ అర్హతలన్నీ ఇప్పటికే ఉన్న సంస్థతో రాతపూర్వక ఒప్పందం చేసుకుని, దాతలు నేరుగా దాని ఖాతాకే పంపేలా చూడటం. 1985లో ముంబైలో నమోదైన మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియా ఈ వ్యాధి కోసమే పనిచేస్తోంది కాబట్టి ముందుగా వారితో మాట్లాడటం మంచిది. మొదటి ఏడాది రెండో మార్గమే తేలిక అని నా సలహా.

పన్ను మినహాయింపు గురించి దాతలకు గొప్పలు చెప్పకండి. రెండు వేల రూపాయలు దాటిన నగదు విరాళానికి అది వర్తించదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి అసలే వర్తించదు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి, పత్తి వ్యాపారులు నగదే ఇస్తామంటారు. తీసుకోండి గాని, ప్రతి రూపాయికీ వరుస నంబరున్న రసీదు చింపి ఇవ్వండి.

ఓరుగల్లులో చిట్టీ కట్టని ఇల్లు అరుదు. చిట్టీలో ప్రతినెలా వాయిదా కట్టే మనిషికి తన డబ్బు ఎన్నాళ్లకు చేతికొస్తుందో తెలుసు, రాకపోతే ఎవరిని నిలదీయాలో తెలుసు. పరిశోధనకిచ్చిన డబ్బుకు అటువంటి గడువు ఉండదు. ఆ సంగతి దాతకు ముందే చెప్పి, గడువు చెప్పలేని చోట కనీసం లెక్క చెప్పాలి: ఎంత వచ్చింది, సేకరణకే ఎంత ఖర్చయింది, ఏ ప్రాజెక్టుకు ఎంత వెళ్లింది. ఇదంతా ప్రతి మూడు నెలలకు ఈ వేదికలోనే పెట్టాలి.

దోహాలో జగిత్యాల వాసి:

ఆడిటర్ సార్, మా దగ్గర జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి వచ్చినవారు తలా కొంత వేస్తే మంచి మొత్తమే అవుతుంది. విదేశాల నుంచి విరాళం పంపితే కేసులవుతాయని ఇక్కడ కొందరు భయపెడుతున్నారు. మా బావమరిది డాలస్‌లో ఉంటాడు, ఆయనా ఇస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

కరీంనగర్ ఆడిటర్:

తమ్ముడూ, మీ ఇద్దరి పరిస్థితి ఒకటి కాదు. మీరు భారత పౌరులు, మన పాస్‌పోర్టే ఉంది. సొంత సంపాదన నుంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం దాన్ని విదేశీ విరాళంగా లెక్కించదు. హవాలా వంటి దారుల జోలికి మాత్రం పోకండి. పంపినప్పుడు పాస్‌పోర్టు ప్రతి, బ్యాంకు రసీదు మాకు ఇవ్వండి.

మీ బావమరిది అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే సంగతి వేరు. విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఆయన ఇచ్చేది 2010 నాటి చట్టం ప్రకారం విదేశీ విరాళమే. దాన్ని తీసుకోవాలంటే సంస్థకు కేంద్ర హోంశాఖ వద్ద నమోదో, ముందస్తు అనుమతో ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాకే రావాలి. అలా వచ్చిన డబ్బును మరో సంస్థకు బదలాయించడమూ కుదరదు. అంటే మనం తీసుకుని ప్రయోగశాలకు పంపుదామన్నా చట్టం ఒప్పుకోదు. ఆయన్ను అక్కడి ఎంఎస్ సొసైటీకే నేరుగా ఇమ్మని చెప్పండి. సహనంపై పరిశోధనకు వెళ్లవలసిన డబ్బు ఎటునుంచి వెళ్లినా మంచిదే.

మంచిర్యాల తండ్రి:

మా అబ్బాయికి ఇరవై రెండేళ్లు. ఒక నగరంలోని ప్రైవేటు క్లినిక్ వారు మూలకణాల ఇంజెక్షన్లతో రోగనిరోధక శక్తిని మళ్లీ మొదటి నుంచి సరిచేస్తామని, కొన్ని లక్షలు అవుతుందని అన్నారు. ఇప్పుడు మీరు రాస్తున్న సహనం చికిత్స, వారు చెప్పేది ఒకటేనా? ఒకటే అయితే నిధి పోగుచేసి ముందు మావంటి పిల్లలకే ఆ చికిత్స చేయించవచ్చు కదా? పొలం అమ్మడానికి బేరం మాట్లాడుతున్నాం, అందుకే తొందరగా అడుగుతున్నాను.

వరంగల్ పీజీ డాక్టర్:

బాబాయ్ గారూ, దయచేసి ఆ బేరం ఆపండి. రెండూ ఒకటి కాదు.

మన దేశంలో 2017 నాటి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాల ప్రకారం, రక్త సంబంధ వ్యాధులకు చేసే స్థాపిత ఎముకమజ్జ మార్పిడి వంటివి తప్ప, మూలకణాలను వాడే మిగతా పద్ధతులన్నీ ప్రయోగ దశలోవే. ప్రయోగమైతే దానికి నైతిక కమిటీ ఆమోదం, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు ఉండాలి. రోగి దగ్గర చికిత్స పేరుతో డబ్బు తీసుకోకూడదు. లక్షలు అడిగారంటేనే అది పరిశోధన కాదని అర్థం.

ఎంఎస్‌లో మూలకణాల మార్పిడి అనేది వేరుగా ఒకటి ఉంది. రోగి సొంత మూలకణాలను సేకరించి దాచి, బలమైన కీమోథెరపీతో పాత రోగనిరోధక కణాలను తుడిచేసి, దాచినవాటిని తిరిగి ఎక్కిస్తారు. మందులకు లొంగకుండా పదేపదే తిరగబెట్టే కొందరు రోగులకు, అనుభవమున్న పెద్ద కేంద్రాల్లో అది మేలు చేసిన మాట నిజం. ప్రాణాపాయం కూడా ఉన్న చికిత్స అది. ఔట్‌పేషెంట్ గదిలో వేసే ఇంజెక్షన్ మాత్రం కాదు. అబ్బాయి ఎంఆర్‌ఐ చిత్రాలు, వాడిన మందుల వివరాలు తీసుకుని ఏదైనా బోధనాసుపత్రి న్యూరాలజీ విభాగంలో చూపించండి. నిమ్స్ అయినా, వెల్లూరు సీఎంసీ అయినా, బెంగళూరు నిమ్హాన్స్ అయినా సరే. వెళ్లే ముందు నాకు వ్యక్తిగత సందేశం పంపితే ఏమేం అడగాలో రాసిస్తాను.

లెక్చరర్ సార్‌కు కూడా ఒక మనవి. «సహనం», «పునరుద్ధరణ» వంటి మాటలను మనం పెద్ద అక్షరాలతో ప్రచారం చేస్తే, ఇటువంటి క్లినిక్‌లు మరుసటి రోజే అవే మాటలతో బోర్డులు కడతాయి. కరపత్రంలో ఈ హెచ్చరిక కూడా ఉండాలి.

హైదరాబాద్ ప్రయోగశాల నుంచి:

నేను పుట్టి పెరిగింది పరకాలలో, ఇప్పుడు రోగనిరోధక శాస్త్రంలో పనిచేస్తున్నాను. ఈ చర్చను మొదటి నుంచి చదివాను. చిన్న నిధి దేనికి పనికొస్తుందో లోపలివాడిగా చెప్పగలను.

మనుషులపై కొత్త చికిత్సను పరీక్షించే ఖర్చు కోట్లలో ఉంటుంది. ఆ పని మన విరాళాలతో జరగదు. జరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ చికిత్సకు ముందు తెలియవలసిన విషయాలు చాలా ఉన్నాయి, మన ప్రాంతం ఇవ్వగలిగినది అక్కడ ఉంది. టీ కణం మైలిన్ ముక్కను నేరుగా చూడదు. హెచ్‌ఎల్‌ఏ అనే అణువు ఆ ముక్కను పట్టి చూపిస్తేనే గుర్తిస్తుంది. ఈ హెచ్‌ఎల్‌ఏ రకాలు జనాభాను బట్టి మారతాయి. ఐరోపా మూలాలున్న వారిలో ఎంఎస్ ముప్పును అన్నిటికన్నా ఎక్కువగా పెంచేది డీఆర్‌బీ1 15:01 అనే రకమని ఎప్పటినుంచో తెలుసు. సహనం నేర్పడానికి ఎంచుకునే ముక్కలను ఎక్కువగా అటువంటి వారిని దృష్టిలో పెట్టుకునే ఎంచుకున్నారు. రేపు ఆ మందు వచ్చినా, ఆదిలాబాద్ నుంచి ఖమ్మం దాకా ఉన్న మన రోగుల్లో ఎందరికి అవే ముక్కలు సరిపోతాయి? మన రోగుల రక్తాన్ని పరీక్షిస్తే తప్ప దీనికి జవాబు దొరకదు.

ఇక్కడే గోదావరిఖని అన్న చెప్పిన ఆటో కిరాయి పరిశోధనలో భాగమవుతుంది. టీ కణాలను బతికుండగా వేరుచేయాలంటే రక్తం తీసిన కొద్ది గంటల్లో ప్రయోగశాలకు చేరాలి. ఆ తర్వాత వాటిని ద్రవ నైట్రోజన్‌లో దాచవచ్చు. మంచిర్యాలలో తీసిన రక్తం వేసవి బస్సులో హైదరాబాద్ చేరేసరికి ఎందుకూ పనికిరాదు. అందువల్ల దగ్గరలో ఉన్నవారే, కారున్నవారే అధ్యయనాల్లో ఎక్కువగా కనిపిస్తారు, కాళ్లు పట్టు తప్పినవారు, పేదవారు లెక్కలోకి రారు. వారి జబ్బు తీరు వేరుగా ఉంటే అది ఎవరికీ తెలియదు. ఐసీఎంఆర్ చేపట్టిన ఎంఎస్ రిజిస్ట్రీ వంటి ప్రయత్నాల్లోనూ ఉత్తర తెలంగాణ రోగుల పేర్లు చేరాలంటే, వారు న్యూరాలజిస్టు ఉన్న ఆసుపత్రికి రాగలగాలి.

కాబట్టి నా సూచన ఇది. నిధిని నైతిక కమిటీ ఆమోదం ఉన్న ఒక్క అధ్యయనానికి ముడిపెట్టండి. దానిలో పాల్గొనే రోగికీ, తోడు వచ్చే మనిషికీ దారి ఖర్చు, భోజనం, ఆ రోజు కోల్పోయిన కూలి ఇవ్వండి. ఇది మార్గదర్శకాలు అనుమతించే పరిహారమే. రక్తం ఇచ్చినందుకు ఆశచూపే ధర మాత్రం కాకూడదు. సమ్మతి పత్రం తెలుగులో, మన మాటల్లో ఉండాలి, చదువురానివారికి సాక్షి సమక్షంలో చదివి వినిపించాలి. మిగిలిన డబ్బు హెచ్‌ఎల్‌ఏ పరీక్షలకు, కణాలు దాచే ఖర్చుకు వెళ్తుంది.

గోదావరిఖని కార్మికుడు:

ఈ పద్ధతిలో అయితే నాకు సమ్మతమే, అయితే ఒక షరతు ఉంది. అధ్యయనంలో చేరనివాళ్లకు, చేరడం ఇష్టం లేనివాళ్లకు సాయం తగ్గకూడదు. రక్తం ఇస్తేనే ఆటో కిరాయి అన్న మాట మా కాలనీలో వినపడితే, అది సాయం అనిపించుకోదు. అందుకని రెండు ఖాతాలు ఉండాలి. దాత దేనికి ఇస్తున్నాడో రసీదుపై టిక్కు పెట్టాలి. రోగుల సాయం ఖాతా నుంచి పరిశోధనకు ఒక్క రూపాయి కూడా మళ్లకూడదు, అటునుంచి ఇటూ మళ్లకూడదు. సదరం పనికి రోగులతో పాటు వెళ్లి మాట్లాడే బాధ్యత నేను తీసుకుంటాను.

హన్మకొండ లెక్చరర్:

అందరి మాటలూ తీసుకుని కరపత్రం ముసాయిదా రాశాను. ముఖ్యమైన భాగం ఇది:

«మల్టిపుల్ స్క్లెరోసిస్ అంటువ్యాధి కాదు. ప్రపంచంలో 28 లక్షల మందికి పైగా ఈ వ్యాధితో జీవిస్తున్నారు, మన జిల్లాల్లోనూ ఉన్నారు. శరీరం తన నరాలపై తానే చేసే దాడిని ఆపడం నేర్పే పరిశోధన ప్రపంచంలో జరుగుతోంది. అది ఇంకా తొలి దశల్లో ఉంది. మీరిచ్చే విరాళం మన ప్రాంత రోగులు ఆ పరిశోధనలో పాల్గొనడానికి ఉపయోగపడుతుంది. దీనివల్ల ఇప్పటికిప్పుడు ఎవరికీ నయమవుతుందని మేము చెప్పడం లేదు. నయం చేస్తామని డబ్బు అడిగేవారిని నమ్మవద్దు. మీ వంద రూపాయలు ఒక జీవితాన్ని నిలబెడతాయి.»

మే 30న హాలు సమావేశం, డిసెంబరులో వడ్డేపల్లి కట్టపై నడక. ఖాతా, ఒప్పందం పూర్తయ్యే వరకు ఒక్క రూపాయి కూడా స్వీకరించం.

జమ్మికుంట టీచర్:

అన్నయ్యా, చివరి వాక్యం తీసేయండి. వంద రూపాయలతో ఎవరి జీవితమూ నిలబడదు. పైన అంత నిజాయితీగా రాసి కింద ఆ మాట ఉంచితే పైదంతా అనుమానంలో పడుతుంది. దాని బదులు, లెక్కలు ఎక్కడ చూడవచ్చో ఆ చోటు రాయండి.

మంచిర్యాల తండ్రి:

పొలం బేరం ఆపాను. డాక్టరు గారు రాసిచ్చిన ప్రశ్నలు తీసుకుని వచ్చే వారం హైదరాబాద్ వెళ్తున్నాం. ఇంతకుముందు చూసిన ఒక డాక్టరు గారు మా అబ్బాయిది ఎంఎస్ కాకపోవచ్చు, ఎన్‌ఎంవో (న్యూరోమైలైటిస్ ఆప్టికా) అయి ఉండవచ్చన్నారు. అలా తేలితే ఈ అధ్యయనంలో మాకు చోటుండదా?

హైదరాబాద్ ప్రయోగశాల నుంచి:

ఉండాలనే నా అభిప్రాయం, నైతిక కమిటీకి పంపే పత్రంలో ఆ మాట చేర్చమని అడుగుతాను. ఎన్‌ఎంవో చూడటానికి ఎంఎస్‌లాగే ఉన్నా వేరే వ్యాధి. అందులో చాలామందికి దాడి గురి ఆక్వాపోరిన్-4 అనే ప్రోటీన్ అని 2005 నాటికే తేలింది. గురి తెలిసిన వ్యాధి కనుక సహనం పరిశోధనకు అది ఎంఎస్ కన్నా అనువైనది కూడా. అంతకన్నా ముందు మీ అబ్బాయికి ఆ ప్రోటీన్‌పై దాడిచేసే ప్రతిరక్షకాల రక్తపరీక్ష తప్పక చేయించండి. ఎంఎస్‌కు ఇచ్చే ఇంటర్‌ఫెరాన్ వంటి కొన్ని మందులు ఎన్‌ఎంవోను మరింత పెంచుతాయి, కాబట్టి అది తేలకుండా కొత్త మందు మొదలుపెట్టనివ్వకండి.

కరీంనగర్ ఆడిటర్:

ఒప్పందం నమూనా తయారుచేస్తున్నాను. అందులో «ఎంఎస్, దానికి సంబంధించిన మైలిన్ వ్యాధులు» అని రాస్తాను, అప్పుడు ఎన్‌ఎంవో ఉన్నవారికి ఖర్చు పెట్టడానికి లెక్కల్లో అడ్డు రాదు. వచ్చే ఆదివారం సాయంత్రం ఐదు దాటాక హన్మకొండలో కలుద్దాం. టీచర్ గారు వస్తారు కాబట్టి కింది అంతస్తులో గది ఉన్న చోటే చూడమని లెక్చరర్ గారికి మనవి.